వాలు మీద ఏటీవీ ఎందుకు బోల్తా పడుతుంది? కొండ బండి నిలకడ వెనుక ఉన్న లెక్క

నాలుగు లావుపాటి చక్రాలు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సీటు. ఆల్ టెరైన్ వెహికల్, పొట్టిగా ఏటీవీ. రోడ్డు లేని చోట కూడా నడిచేలా దీన్ని తయారుచేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో పశువులు, గొర్రెలు మేపే రైతులకు ఇది రోజువారీ పనిముట్టు. లద్దాఖ్ లాంటి ఎత్తైన సరిహద్దు ప్రాంతాల్లో భారత సైన్యం కూడా దీన్ని వాడుతోంది. మనాలి దగ్గరి సోలాంగ్ లోయలోనూ, హైదరాబాద్ చుట్టుపక్కల సాహస క్రీడా కేంద్రాల్లోనూ పర్యాటకులు సరదాగా నడుపుతున్నారు.

నాలుగు చక్రాలు ఉన్నాయి కాబట్టి మోటార్ సైకిల్ కంటే ఇది స్థిరంగా ఉంటుందని చూడగానే అనిపిస్తుంది. చదునైన నేల మీద అది నిజమే. వాలు మీద మాత్రం పరిస్థితి వేరు. ఏటీవీ బోల్తా పడితే మూడు వందల కిలోల బరువు నడిపే మనిషి మీదే పడవచ్చు. ఇలాంటి ప్రమాదాల్లో దెబ్బల వల్లే కాదు, బండి కింద ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోయినవారూ ఉన్నారు.

ఈ వాహనాల మాన్యువళ్లు చదివితే ఒక సందేహం వస్తుంది. కాగితం మీద లెక్క వేస్తే చాలా ఏటీవీలు 35 డిగ్రీలకు పైగా పక్కకు వాలినా పడిపోకూడదు. కానీ కొన్ని తయారీ సంస్థలు 15 డిగ్రీలు, మరికొన్ని 25 డిగ్రీలు దాటిన వాలు ఎక్కవద్దని హెచ్చరిస్తాయి. మిగిలిన ఆ 10, 20 డిగ్రీలు ఎక్కడికి పోతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే వాలు మీద బండి నిలకడను పెంచే మార్గాలూ తెలుస్తాయి.

గడ్డిబండి నేర్పే పాఠం

వడ్ల బస్తాలు వేసిన ఎడ్లబండి గట్టు ఎక్కినా సాధారణంగా ఒరగదు. అదే బండి మీద ఎత్తుగా వరిగడ్డి వేస్తే ఒక చక్రం గట్టు మీదికి ఎక్కగానే పక్కకు ఒరుగుతుంది. గడ్డి బస్తాల కంటే తేలిక. అయినా ప్రమాదం గడ్డితోనే ఎక్కువ. అంటే ఇక్కడ బరువు ఎంత అన్నదాని కంటే, ఆ బరువు ఎంత ఎత్తున ఉందన్నదే ముఖ్యం.

వస్తువు మొత్తం బరువు ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేయవచ్చు. ఆ బిందువే గరిమనాభి. దాని నుంచి నేరుగా భూమి వైపు ఒక తాడు వేలాడదీసినట్టు ఊహించండి. ఆ తాడు నాలుగు చక్రాలు నేలను తాకే చోట్ల మధ్య పడినంత కాలం బండి నిలుస్తుంది. దిగువ వైపు చక్రాల గీతను దాటి బయట పడిన క్షణాన బోల్తా కొడుతుంది.

కాబట్టి నిలకడను రెండు కొలతలు నిర్ణయిస్తాయి. ఒకటి, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం. దీన్ని ట్రాక్ వెడల్పు అంటారు. రెండోది, నేల నుంచి గరిమనాభి ఎత్తు. ట్రాక్ వెడల్పులో సగాన్ని ఆ ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్యను స్థిర నిలకడ గుణకం అంటారు. అది ఎంత పెద్దదైతే బండి అంత ఎక్కువ వాలును తట్టుకుంటుంది.

ఒక ఉదాహరణ

లెక్క కోసం ఒక మామూలు ఏటీవీని ఊహించుకుందాం. బరువు 280 కిలోలు, ట్రాక్ వెడల్పు 90 సెంటీమీటర్లు, ఖాళీ బండి గరిమనాభి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. 45ను 50తో భాగిస్తే 0.9 వస్తుంది. ఈ గుణకం ఉన్న బండి పక్కకు 42 డిగ్రీల దాకా ఒరిగినా పడదు.

ఇప్పుడు 70 కిలోల మనిషి దాని మీద కూర్చున్నాడు. అతని గరిమనాభి నేలకు దాదాపు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. మనిషినీ బండినీ కలిపి లెక్కిస్తే ఉమ్మడి గరిమనాభి 60 సెంటీమీటర్లకు చేరుతుంది. గుణకం 0.75కు, తట్టుకునే వాలు 37 డిగ్రీలకు తగ్గుతాయి. మనిషి ఎక్కి కూర్చోవడంతోనే 5 డిగ్రీలు పోయాయి.

కారుకూ ఏటీవీకీ అసలు తేడా ఇక్కడే ఉంది. 1,300 కిలోల కారులో 70 కిలోల డ్రైవరు మొత్తం బరువులో 5 శాతమే. అతను సీటులో ఎటు జరిగినా కారుకు పెద్దగా తేడా ఉండదు. ఏటీవీ మీద అదే మనిషి మొత్తం బరువులో 20 శాతం. పైగా అన్నిటికంటే పైన కూర్చుంటాడు. అందుకే అతని శరీరాన్ని కూడా యంత్రంలో ఒక భాగంగానే లెక్కించాలి. మన ఉదాహరణలో అతను ఎగువ వైపుకు 20 సెంటీమీటర్లు వాలితే ఉమ్మడి గరిమనాభి 4 సెంటీమీటర్లు అటు జరుగుతుంది, తట్టుకునే వాలు 39 డిగ్రీలు దాటుతుంది. భయంతోనో తెలియకో దిగువ వైపుకు అంతే వాలితే 34 డిగ్రీలకు పడిపోతుంది. శరీరం ఎటు వాలిందన్న ఒక్క విషయంతోనే 5 డిగ్రీల తేడా వస్తుంది.

నాలుగో చక్రం ఎందుకు వచ్చింది?

మొదట్లో ఈ బండ్లకు మూడే చక్రాలు ఉండేవి. 1970లో హోండా విడుదల చేసిన యూఎస్ 90 ముందు ఒకటి, వెనుక రెండు చక్రాలతో నడిచేది. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను కలిపితే త్రిభుజం వస్తుంది. ముందుకు వెళ్లేకొద్దీ త్రిభుజం సన్నబడుతుంది కాబట్టి గరిమనాభి ఉన్న చోట దాని వెడల్పు వెనుక చక్రాల దగ్గర ఉన్నంత ఉండదు. ఆటో మలుపులో వేగంగా తిరిగినప్పుడు ఒక వెనుక చక్రం గాలిలోకి లేవడానికి ఇదే కారణం.

మన ఉదాహరణ బండికే ముందు రెండు చక్రాల బదులు ఒక్కటి పెడితే, బరువు, ఎత్తు మారకపోయినా తట్టుకునే వాలు 37 నుంచి 23 డిగ్రీలకు పడిపోతుంది. 1980లలో అమెరికాలో మూడు చక్రాల ఏటీవీల ప్రమాదాలు పెద్ద వివాదమయ్యాయి. చివరకు 1988లో కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందంతో ప్రధాన తయారీ సంస్థలు అక్కడ వాటి అమ్మకాలు ఆపేశాయి. నాలుగు చక్రాల నమూనాలు ఆ స్థానాన్ని తీసుకున్నాయి.

రాయి, గుంత, మలుపు

37 డిగ్రీలన్నది బండి కదలకుండా, నున్నటి పలక మీద ఉన్నప్పటి లెక్క. కొండవాలు పలకలా ఉండదు. అక్కడ ఈ మిగులు ఎలా ఖర్చవుతుందో చూద్దాం.

బండి 20 డిగ్రీల వాలుకు అడ్డంగా వెళ్తోంది. ఎగువ వైపు చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కింది. 90 సెంటీమీటర్ల వెడల్పు మీద 15 సెంటీమీటర్లు లేస్తే బండి మరో 10 డిగ్రీలు ఒరుగుతుంది. అదే సమయంలో దిగువ చక్రం 10 సెంటీమీటర్ల గుంతలోకి దిగితే ఆ ఒరుగుడు 16 డిగ్రీలవుతుంది. అంటే మొత్తం 36. సస్పెన్షన్ ఇందులో కొంత మింగినా, దిగువ వైపు స్ప్రింగులూ మెత్తటి టైర్లూ బరువుకు నొక్కుకుపోయి బండిని మరికొంత ఒరగనిస్తాయి. ఒక రాయీ ఒక గుంతా కలిసి మిగులంతా తినేస్తాయి.

మలుపు సంగతి ఇంకా సూక్ష్మమైనది. తిరిగే బండిని అపకేంద్ర బలం బయటి వైపుకు తోస్తుంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వాలు మధ్యలో, బయటి వైపు దిగువకు ఉండేలా, 8 మీటర్ల వ్యాసార్ధంతో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తిరిగితే అది బండిని అదనంగా 12 డిగ్రీలకు పైగా ఒరిగించినట్టే. 20 డిగ్రీల వాలు మీద మొత్తం 32 దాటుతుంది. అదే మలుపును 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే అదనం 21 డిగ్రీలు దాటి మొత్తం 41కి చేరుతుంది. పెరిగిన వేగం 5 కిలోమీటర్లే. కానీ మొదటి సందర్భంలో బండి నిలిచింది, రెండో సందర్భంలో హద్దు దాటింది.

వదులు మట్టి మీదైతే అంత దూరం రాకముందే బండి పక్కకు జారుతుంది. జారుతూ జారుతూ దిగువ చక్రం ఒక రాయికో మొదలుకో తగిలి ఆగిపోతే, పైభాగం ఆగక బోల్తా కొడుతుంది. అందుకే 'జారిందే కానీ పడలేదు' అని ఊరటపడటానికి వీల్లేదు.

వాలుకు అడ్డంగా వెళ్లడం కంటే నిటారుగా ఎక్కి నిటారుగా దిగడం మేలనే సలహా ఇందుకే. సగం ఎక్కాక చేతకాదనిపించి అక్కడే వెనక్కి తిప్పడం అన్నిటికంటే ప్రమాదకరం. బండిని తిప్పాలంటే అది ఎప్పుడో ఒకప్పుడు వాలుకు పూర్తిగా అడ్డంగా నిలవక తప్పదు.

ఎక్కేటప్పుడు వెనక్కి

బండి మీద సరుకు వెనక్కి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుందని బండి తోలేవారికి తెలుసు. ఎగువకు ఎక్కే ఏటీవీలో జరిగేదీ అదే. మన ఉదాహరణ బండి ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 125 సెంటీమీటర్లు, గరిమనాభి వెనుక ఇరుసుకు 55 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. చదును నేల మీద ముందు చక్రాలు 44 శాతం బరువు మోస్తాయి. 25 డిగ్రీల వాలు ఎక్కేటప్పుడు చక్రాల మీద పడే బరువులో ముందువాటి వాటా 22 శాతానికి తగ్గుతుంది. ముందు చక్రాలకు పట్టు లేకపోతే హ్యాండిల్ తిప్పినా బండి చెప్పినట్టు వినదు.

కదలకుండా ఉంటే ఈ బండి 42 డిగ్రీల దాకా వెనక్కి తిరగబడదు. కానీ నిలిచి ఉన్న బండికి ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇచ్చి, సెకనుకు గంటకు 7 కిలోమీటర్ల చొప్పున వేగం పెంచితే ఆ హద్దు 34 డిగ్రీలకు దిగుతుంది. వెనుక మరో 65 కిలోల మనిషిని ఎక్కించుకుంటే గరిమనాభి పైకీ వెనక్కీ జరిగి, అదే యాక్సిలరేటర్‌కు హద్దు 26 డిగ్రీలు అవుతుంది. ఒకరి కోసం తయారైన ఏటీవీ మీద ఇద్దరు ఎక్కకూడదన్న హెచ్చరిక వెనుక ఉన్న కారణం ఇది. వెనుక కూర్చున్నవారు ఉంటే నడిపేవారు శరీరాన్ని ముందుకూ పక్కకూ స్వేచ్ఛగా జరపలేరు కూడా.

ఎక్కేటప్పుడు ముందుకు వంగి, సీటు ముందు భాగానికి జరగాలి. ఒక మనిషి 30 సెంటీమీటర్లు ముందుకు జరిగితే హద్దు 3 డిగ్రీలు పెరుగుతుంది. వాలు మొదలవక ముందే తక్కువ గేరులోకి మారి, ఒకే నిదానమైన వేగంతో ఎక్కాలి. మధ్యలో గేరు మార్చడం, యాక్సిలరేటర్ ఒక్కసారి పెంచడం రెండూ మిగులును తగ్గించేవే.

ఇంజిన్ ఆగిపోయి బండి వెనక్కి దొర్లడం మొదలైతే? భయంతో వెనుక బ్రేకు గట్టిగా నొక్కాలనిపించడం సహజం. కానీ దిగువకు దొర్లే బండిని ఒక్కసారిగా ఆపడం, భౌతికశాస్త్రం ప్రకారం, ఎగువకు ఒక్కసారిగా వేగం పెంచడంతో సమానం. రెండూ ముందు చక్రాలను పైకి లేపుతాయి. అందుకే శరీరం బరువును ఎగువకే ఉంచి, ముందు బ్రేకును క్రమంగా వేయాలని శిక్షణలో చెబుతారు. బండి ఆగాక పార్కింగ్ బ్రేకు వేసి, ఎగువ వైపుకు దిగాలి. దిగువ వైపుకు దిగితే బండి జారినప్పుడు దారిలో ఉండేది మనిషే.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 25 డిగ్రీల వాలు దిగుతుంటే చక్రాల మీది బరువులో మూడింట రెండు వంతులు ముందువాటి మీదే ఉంటుంది. తేలికైన వెనుక చక్రాలు బ్రేకుకు బిగుసుకుని పక్కకు జారితే బండి వాలుకు అడ్డం తిరుగుతుంది. అప్పుడు మళ్లీ పక్కకు బోల్తా పడే ప్రమాదం మొదలవుతుంది. తక్కువ గేరులో ఇంజినే వేగాన్ని పట్టి ఉంచేలా, సీటు వెనక్కి జరిగి దిగడం మేలు.

ఇక పట్టు సంగతి. 25 డిగ్రీల వాలు ఎక్కాలంటే వెనుక చక్రాలు మాత్రమే తిరిగే బండికి టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం దాదాపు 0.6 ఉండాలి. నాలుగు చక్రాలూ తిరిగితే 0.47 చాలు. ఎండిన గట్టి నేల మీద మొదటిది కూడా దొరకవచ్చు. తడిసిన గడ్డి మీద రెండోదీ కష్టం. నిన్న ఎక్కిన వాలే అయినా రాత్రి వాన పడితే అది వేరే వాలు కిందే లెక్క.

బండిని మెరుగుపరిస్తే

నిలకడ పెంచడానికి బండిలో చేయగల మార్పులు ఉన్నాయి. ప్రతిదానికీ ఒక మూల్యం ఉంది.

ట్రాక్ వెడల్పు: చక్రానికీ ఇరుసుకూ మధ్య స్పేసర్లు వేసి వెడల్పును 90 నుంచి 100 సెంటీమీటర్లకు పెంచితే మన బండి దాదాపు 40 డిగ్రీలు తట్టుకుంటుంది. కానీ బేరింగుల మీదా స్టీరింగు భాగాల మీదా ఒత్తిడి పెరుగుతుంది. ఇరుకు దారుల్లో చెట్లకూ బండలకూ చక్రం తగిలే అవకాశమూ ఎక్కువవుతుంది.

ఎత్తు: గరిమనాభిని 5 సెంటీమీటర్లు కిందికి దించితే 39 డిగ్రీలు వస్తాయి. అయితే అడుగు భాగం నేలకు దగ్గరై రాళ్లకు తట్టుకుంటుంది. దీనికి విరుద్ధంగా, చూడటానికి బాగుంటుందని పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్లు వేసి గరిమనాభిని 5 సెంటీమీటర్లు పెంచితే 35 డిగ్రీల కిందికి వెళ్తుంది. బురదలో ఉపయోగపడే మార్పు వాలు మీద ఎదురు తిరుగుతుంది.

టైర్ల గాలి: కారు టైర్లలో 30 పీఎస్‌ఐకి పైగా గాలి ఉంటే, చాలా ఏటీవీ టైర్లలో 4 నుంచి 7 పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది. నేల మీద పరుచుకుని పట్టు ఇవ్వడం కోసమే అంత మెత్తగా ఉంచుతారు. ఇంత తక్కువ పీడనంలో 1 పీఎస్‌ఐ తేడా కూడా పెద్దదే. ఒక పక్క టైర్లలో గాలి తగ్గితే బండి అటే ఒరిగి, అటే లాగుతుంది. మామూలు గేజీతో ఈ తేడా తెలియదు, తక్కువ పీడనం చూపే గేజీ కావాలి. ఖర్చు లేకుండా నిలకడను కాపాడే పని ఇదే.

సస్పెన్షన్: స్ప్రింగులను బిగువు చేస్తే బండి పక్కకు ఒరగడం తగ్గుతుంది. రెండు పక్కల చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ కూడా ఆ పనే చేస్తుంది. కానీ మరీ బిగువైతే ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం గాలిలో ఉండిపోయి పట్టు పోతుంది.

వెనుక ఇరుసు: చాలా ఏటీవీల్లో వెనుక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. దీనివల్ల ఎక్కేటప్పుడు మంచి పట్టు దొరుకుతుంది. కానీ మలుపులో బయటి చక్రం లోపలిదాని కంటే ఎక్కువ దూరం తిరగాలి. అలా తిరగలేక బండి నేరుగా వెళ్లాలని చూస్తుంది. అవసరాన్ని బట్టి కలిపి, విడదీయగలిగే డిఫరెన్షియల్ ఉన్న నమూనాలు ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి.

మోత: వెనుక క్యారియర్ మీద 60 లీటర్ల పురుగుమందు ట్యాంకు పెడితే పక్కకు తట్టుకునే వాలు 37 నుంచి 34కు, వెనక్కి తిరగబడే హద్దు 42 నుంచి 35కు తగ్గుతాయి. ట్యాంకు సగం ఖాళీ అయితే బరువు తగ్గినా మరో సమస్య వస్తుంది. ద్రవం దిగువ వైపుకు పరిగెత్తి గరిమనాభిని కూడా అటే లాక్కుపోతుంది. లోపల అడ్డు పలకలు ఉన్న ట్యాంకులు ఈ కదలికను తగ్గిస్తాయి. బరువును వీలైనంత కిందికి, ముందు వెనుకలకు సమంగా పంచి కట్టాలి. వాలు ఎక్కే రోజున అవసరం లేని సరుకును దించేయడం అన్నిటికంటే తేలికైన మార్పు.

పడ్డాక ప్రాణం నిలిచేలా

ఎంత జాగ్రత్తపడినా కొన్ని బండ్లు పడతాయి. అప్పుడు మనిషిని ఎలా కాపాడాలి? ఈ ప్రశ్నకు ట్రాక్టర్ల చరిత్రలో ఒక జవాబు ఉంది. బోల్తా పడినా డ్రైవరు చుట్టూ కొంత ఖాళీ మిగిలేలా బలమైన ఫ్రేము ఉండాలని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు నిబంధన పెట్టింది. ఆ తర్వాత అక్కడ ట్రాక్టర్ బోల్తా మరణాలు బాగా తగ్గాయి. ఫ్రేముతో పాటు సీటు బెల్టు ఉంటేనే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.

ఏటీవీకి ఈ ఉపాయం నేరుగా సరిపోదు. నడిపే మనిషి శరీరాన్ని అటూ ఇటూ జరపాలి కాబట్టి బెల్టుతో కట్టేయలేం. అందుకే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వేరే ఆలోచన వచ్చింది. సీటు వెనుక ఒక కడ్డీని లేదా వంగే గుణమున్న వలయాన్ని బిగిస్తారు. బండి తలకిందులైతే అది నేలకు ఆనుకుని, మనిషి నలిగిపోకుండా కింద కొంత ఖాళీ ఉంచుతుంది. అది బోల్తాను ఆపదు, బోల్తా తర్వాత బతికే అవకాశాన్ని పెంచుతుంది.

దీని మీద సుదీర్ఘ వాదన నడిచింది. ఆ కడ్డీయే తగిలి గాయాలు కావచ్చని, అసలు పరిష్కారం హెల్మెట్, శిక్షణలేనని తయారీదారులు వాదించారు. ఊపిరాడక జరిగే మరణాలను ఆపాలంటే ఇలాంటి రక్షణ ఉండాల్సిందేనని భద్రతా పరిశోధకులు చెప్పారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో కొత్త భద్రతా ప్రమాణం తెచ్చింది. సాధారణ అవసరాలకు అమ్మే కొత్త క్వాడ్ బైకులకు 2021 అక్టోబరు నుంచి ఈ రక్షణ పరికరం తప్పనిసరి అయింది. పక్కకు నిలకడ గుణకం కనీసం 0.55, అంటే సుమారు 28.8 డిగ్రీలు ఉండాలని కూడా అదే ప్రమాణం చెబుతుంది. దీన్ని అంగీకరించని కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ ఆ బండ్ల అమ్మకం మానేశాయి.

విద్యార్థులు తూకం వేసే గరిమనాభి

ఈ లెక్కలన్నీ మన ఇంజనీరింగ్ విద్యార్థులకు కొత్త కాదు. సొంతంగా ఏటీవీని రూపొందించి పోటీపడే బాహా పోటీ అమెరికాలో 1976లో మొదలైంది. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. తెలుగు రాష్ట్రాల కళాశాలల జట్లు కూడా ఇందులో పాల్గొంటున్నాయి. అక్కడి బండ్లలో డ్రైవరు బండి మీద కాకుండా లోపల, కిందికి కూర్చుంటాడు. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం, ఒంటికి బెల్టులు ఉంటాయి. శరీరం వాల్చి బండిని కాపాడే వీలు లేదు కాబట్టి నిలకడ అంతా డిజైన్‌లోనే ఉండాలి. అందుకే గరిమనాభి ఎత్తును కచ్చితంగా తెలుసుకోవాలి.

కంటికి కనిపించని ఆ బిందువును కనుక్కోవడానికి రెండు తూకం యంత్రాలు చాలు. ముందుగా సస్పెన్షన్ కదలకుండా బిగించి, చదును నేల మీద ముందు, వెనుక చక్రాల తూకం చూస్తారు. తర్వాత ముందు చక్రాలను పైకెత్తి వెనుక తూకం ఎంత పెరిగిందో చూస్తారు. మన 280 కిలోల ఖాళీ బండి ముందు భాగాన్ని 43 సెంటీమీటర్లు ఎత్తితే అది 20 డిగ్రీలు వంగుతుంది. అప్పుడు వెనుక తూకం సుమారు 16 కిలోలు పెరిగితే, గరిమనాభి ఇరుసుల కంటే 20 సెంటీమీటర్లు పైన ఉన్నట్టు. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే తూకం అంత ఎక్కువగా వెనక్కి మళ్లుతుంది.

వాలు మొదట్లో ఒక్క నిమిషం

మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది. కాగితం మీద ఉన్న 37 డిగ్రీలు ఎక్కడికీ పోలేదు. రాయికి 10, మలుపుకు 12, మోతకు 3, తప్పుగా వాలిన శరీరానికి 2 అంటూ అవి దారిలో ఖర్చవుతాయి. మాన్యువల్‌లోని 15 లేదా 25 డిగ్రీల హద్దు ఆ ఖర్చులన్నింటికీ ముందుగా పక్కన పెట్టిన మిగులు. బండిని మెరుగుపరిచి మరో 3 డిగ్రీలు సంపాదించవచ్చు. వాటిని మరింత నిటారు వాలు ఎక్కడానికి వాడేస్తే మిగులు పెరగదు, ప్రమాదం ఉన్నచోటే ఉంటుంది.

వాలును కొలవడానికి చేతిలోని ఫోన్ చాలు. అదీ లేకపోతే 10 మీటర్ల అడ్డ దూరానికి నేల ఎంత లేస్తుందో చూడాలి. 2.7 మీటర్లు లేస్తే 15 డిగ్రీలు, 3.6 అయితే 20, 4.7 అయితే 25. కొండ మొదట్లో బండి ఆపి, నడిచి చూసి, రాళ్లు, గుంతలు, తడి ఎక్కడున్నాయో గమనించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పర్యాటక కేంద్రంలోనైతే హెల్మెట్ ఇచ్చారా, ఒకరి బండి మీద ఇద్దరిని ఎక్కిస్తున్నారా, టైర్లలో గాలి సమంగా ఉందా అని అడగడానికి అంత సమయం కూడా పట్టదు. జవాబులు నచ్చకపోతే చుట్టు తిరిగి వెళ్లే దారి ఎప్పుడూ ఉంటుంది. వాలు మధ్యలోకి వెళ్లాక మాత్రం ఆ దారి ఉండదు.